గోడలకు రంగులు సరే, సార్లేరి?

సర్కారు బడిని బాగు చేస్తామని చెప్పని సర్కారు లేదు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో సక్సెస్ స్కూళ్లన్నారు. స్వరాష్ట్రం వచ్చినంక కేజీ టు పీజీ అన్నారు. 2022లో మన ఊరు-మన బడి, 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల. సర్కారు మారినప్పుడల్లా పేరు మారింది, గోడ మీది బోర్డు మారింది.

బాగు చేయడానికి మేం అడ్డం కాదు. మరుగుదొడ్డి లేక ఆడపిల్లలు బడి మానేసిన ఊళ్లు మేం ఎరిగినవే. నల్లా నీళ్లు, ప్రహరీ, బెంచీలు పేదోళ్ల పిల్లలకు ఎవరో చేసే దానం కాదు, వాళ్ల హక్కు. కానీ మన ఊరు-మన బడి పథకాన్నే తీసుకోండి. 26,065 బడులకు మూడు విడతల్లో 7,289 కోట్లు ఖర్చు చేస్తామన్నారు. చేయాల్సిన పనులు పన్నెండని రాసుకున్నారు. కరెంటు, నీళ్లు, వంటశాల, రంగులు, ఆకుపచ్చ బోర్డులు, డిజిటల్ చదువు అన్నీ ఉన్నయి. బోర్డు మీద రాసే సారు మాత్రం ఆ పన్నెండింటిలో లేడు.

నియామకాల కోసమే కదా ఇంత కొట్లాడింది! తెలంగాణ వచ్చిన మూడేళ్లకు, 2017లో, 8,792 టీచర్ పోస్టులకు తొలి నోటిఫికేషన్ ఇచ్చారు. ఆ తర్వాతి డీఎస్సీ 11,062 పోస్టులది. దాని నియామక పత్రాలు 2024 అక్టోబరు దాకా అందలేదు. ఈ నడుమ సార్లు రిటైరవుతూనే ఉన్నరు. కరోనా పేరు చెప్పి 2020లో విద్యావలంటీర్లను ఇంటికి పంపారు. బీఎడ్, డీఎడ్ చదివిన పిల్లలు కోచింగ్ సెంటర్లలో వయసు కరగదీసుకున్నరు. 2022లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టినప్పుడు ఉన్నది ఆ మిగిలిన సార్లే.

ఏకోపాధ్యాయ బడిలో ఒక్క పూట కూర్చుంటే సంగతి తెలుస్తది. ఐదు తరగతులకు ఒక్క సారు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే నాలుగో తరగతి ఖాళీగా కూర్చుంటది. మధ్యాహ్న భోజనం లెక్క ఆయనే రాయాలె, ఫోన్‌లో హాజరు ఆయనే ఎక్కించాలె, ఓటర్ల జాబితా పట్టుకొని ఆయనే తిరగాలె. 2024 నవంబరులో ఇంటింటి సర్వేకు సార్లను పంపి ప్రాథమిక బడులను ఒంటిపూట చేశారు. సర్వే అవసరమే, మేం కాదనం. మరి ఆ పూట పోయిన చదువును ఎవరు లెక్కగట్టిన్రు? అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెప్పింది. చట్టం చేసి పదిహేనేళ్లు దాటింది.

ఉద్యోగ మిత్రులకూ ఒక మాట, నొచ్చుకున్నా సరే. జూన్‌లో బడిబాటకు పోయిన సారును ఊరి తల్లులు అడిగే ప్రశ్న ఒక్కటే: “మీ పిల్లలు ఏ బడిల చదువుతున్నరు సారూ?” జవాబు మనకందరికీ తెలుసు. ప్రభుత్వ జీతం తీసుకునేటోళ్ల పిల్లలు ప్రభుత్వ బడిలోనే చదవాలని అలహాబాద్ హైకోర్టు 2015లో తీర్పు చెప్తే అక్కడా అమలు కాలేదు. కలెక్టర్ కొడుకు, ఎమ్మెల్యే బిడ్డ చదివే బడిలో సారు పోస్టు ఏడేళ్లు ఖాళీగా ఉంటదా?

ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం ఇద్దరు సార్లు కావాలి. డీఎస్సీ ఏటా రావాలి. ఏ మండలంలో ఎన్ని ఏకోపాధ్యాయ బడులున్నయో ఆ జాబితాను మండల విద్యాధికారి ఆఫీసు గోడకు అంటించాలి. అంటించకపోతే విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు కలిసి ఊరూరా తిరిగి ఆ జాబితా తయారు చేయాలి. పని మొదలుపెట్టడానికి జూన్ దాకా ఆగాల్సిన అవసరం లేదు.