కప్పుకి వేడి, కాళ్ళకి చలి

ఈ మాటంటే కొందరికి కోపం రావచ్చు, అయినా అంటాను. అమెరికాలో మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు ముందు చూసేది ఫ్యామిలీ రూమ్ కప్పు ఎంత ఎత్తుందా అని. 18, 20 అడుగులుంటే గొప్ప. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు తలెత్తి చూసి "అబ్బ!" అనాలి. నేనుండేదీ అలాంటి ఇంట్లోనే, కాబట్టి అడిగే హక్కు నాకుంది: చలికాలంలో ఆ గొప్పకి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు?

వేడిగాలి తేలిక, పైకి పోతుంది. డబ్బు పోసి గ్యాస్ కాల్చి వేడిచేసిన గాలి వెళ్ళి కప్పు కింద కూర్చుంటుంది. అటక తలుపు సందుల్లోంచి కొంత బయటికే పోతుంది. కింద సోఫాలో అత్తగారు శాలువా కప్పుకుని, సాక్సులు వేసుకుని ముడుచుకుని ఉంటారు. "చలేస్తోందమ్మా" అంటే, "థర్మోస్టాట్ 70 చూపిస్తోంది కదా, మీకు అలవాటు లేదు" అని జవాబు. ఇది అన్యాయం. థర్మోస్టాట్ ఉండేది మన తల ఎత్తులో. ఆవిడ కాళ్ళు ఉండేది నేల మీద, అదీ కిటికీ పక్కన. చివరికి 74కి పెంచుతారు. మేడమీద పిల్లలు ఉక్కపోసి దుప్పట్లు తన్నేస్తారు, కింద మాత్రం చలి చలిగానే ఉంటుంది.

కప్పుకి వేలాడే ఫ్యానుని అక్టోబరులో ఆపితే మళ్ళీ మే దాకా ముట్టుకోరు. "చలికాలంలో ఫ్యానా? పిచ్చా?" అంటారు. పిచ్చి కాదండీ. చాలా ఫ్యాన్లలో రెక్కలు తిరిగే దిక్కు మార్చే చిన్న స్విచ్ ఉంటుంది. కొన్నిటిని మినహాయిస్తే, 2007 నుంచి అక్కడ తయారయ్యే ఫ్యాన్లకి ఆ సదుపాయం ఉండాలని చట్టమే చెప్తోంది. ఫ్యాను పూర్తిగా ఆగాక స్విచ్ మార్చి, కింద నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు, అన్నిటికన్నా తక్కువ స్పీడులో తిప్పండి. గాలి పైకి లేచి, కప్పు వెంట పాకి, గోడల పక్కనుంచి వేడిని కిందికి దింపుతుంది. మొహానికి కొట్టదు.

ఫ్యాను వేడిని పుట్టించదు, ఉన్నదాన్ని కలుపుతుంది, అంతే. అందుకే ముందు అటక తలుపు చుట్టూ సందులు మూయాలి. కింద వెచ్చబడ్డాక థర్మోస్టాట్ రెండు డిగ్రీలు తగ్గించాలి. తగ్గించకపోతే బిల్లు దిగదు.

ఇవేవీ చెయ్యకుండా పెద్దవాళ్ళకి ఇంకో స్వెట్టర్ కొనిచ్చి చేతులు దులుపుకోకండి. కొత్తగా ఇల్లు చూడబోయేవాళ్ళకి నాదొక్కటే మాట: తలెత్తి చూడ్డం అయ్యాక, ఆ గదిలో కింద ఎవరు కూర్చుంటారో కూడా ఆలోచించండి.