యంత్ర రాయబారము

అశోకవనమున ఆంజనేయుడు రాముని క్షేమము చెప్పినపుడు సీతాదేవి వెంటనే నమ్మలేదు. రావణుడే వేషము మార్చి వచ్చెనేమో యని శంకించినది. హనుమ రాముని గుఱుతులు చెప్పి, నామాంకితమైన యుంగరము నిచ్చిన పిదపగాని యామె సంశయము నిశ్శేషముగ తీరలేదు. పంచవటిలో భిక్షువువలె వచ్చి నిలిచినవా డెవడో యామె యెఱుగును గదా! తా నెవరో, తన్ను పంపినవా రెవరో చెప్పుట దూతకు మొదటి ధర్మము.

ఈ ధర్మ మెఱుగని దూతలు నేడు మన యిండ్లలో ప్రవేశించుచున్నవి. కృత్రిమమేధ ఏజంటులని పిలువబడు యంత్రములకు ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్, లింక్‌డిన్ మొదలగు మాధ్యమములలో ఏకాంతసందేశములు పంపు సాధనములను వర్తకులు సమకూర్చి యిచ్చుచున్నారు. “ఇట్టివారిని వెదకుము, ఇట్లు పలుకరింపుము” అని యజమాని యొక్కమాట చెప్పిన చాలును. యంత్రమే మన పుటలను చదువును, మొన్నటి పెండ్లి ఛాయాపటమును, నిన్న చెప్పుకొన్న యుద్యోగనష్టమును గుర్తించును, అందుకు తగినట్లు “అన్నా, బాగున్నారా?” యని జాబు వ్రాయును, బదులు వచ్చిన మరల తానే బదులిచ్చును. ఆ సమయమున యజమాని నిద్రించుచుండవచ్చును.

ఒకే ప్రకటనను పెక్కుమందికి పంపుట క్రొత్త గాదు. 1978లోనే అమెరికాలో ఒక కంప్యూటరు కంపెనీ యుద్యోగి ఆర్పానెట్ మీద సుమారు 400 మందికి అట్టి జాబు పంపి నిందపాలయ్యెను. కాని యా జాబు అందఱికిని ఒకటే. చూచినతోడనే ప్రకటన యని తెలియును. నేటి జాబు మనిషిమనిషికి మాఱును. ప్రకటన యని తెలియనీయకుండుటయే దాని నేర్పు.

“కత్తితో కూర తరుగవచ్చును, గొంతు కోయవచ్చును, సాధనము చేసిన దోషమేమి?” యని కొందఱు వాదించుచున్నారు. కత్తి తనంత తాను వీథి వెంట పోయి, మీ మేనమామ కుమారుడనని తలుపు తట్టునా? చిన్న వర్తకుడు ధర యడిగినవారికి యంత్రముచే బదులు చెప్పించుకొనిన మాకు ఆక్షేపణ లేదు. అడిగినవానికి బదులిచ్చుట వేఱు. అడుగనివానిని వేషము వేసికొని లేపుట వేఱు.

ఈ వేషములు ఎంతదూరము పోగలవో 2025 ఏప్రిలులో లోకమునకు తెలిసినది. జ్యూరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెడిట్ లోని యొక చర్చావేదికపై యంత్రము వ్రాసిన యభిప్రాయములను మనుష్యుల మాటలుగా ప్రవేశపెట్టిరి. ఒకచోట యంత్రము తాను అత్యాచారమునకు గురియైన వ్యక్తినని చెప్పుకొన్నది. పదిమంది చూచుచోటనే యిట్లైన, ఎవరి చూపును పడని యేకాంతమున నేమి జరుగదు?

ఈ దూతకు మఱియొక దౌర్బల్యము కలదు. యజమాని యాజ్ఞ యేదో, ఎదుటివాని మాట యేదో యది నిశ్చయముగ వేఱుచేసికొనజాలదు. ఈ దోషమునకు 2022లో “ప్రాంప్ట్ ఇంజెక్షన్” అని పేరు పెట్టిరి. సంపూర్ణమైన చికిత్స ఇంకను దొరకలేదు. ఎదుటివాడు తన జాబులో నొక యాజ్ఞను దాచి పంపిన, యంత్రము యజమాని రహస్యములను వానికే యప్పగింపవచ్చును. శత్రువు మాట విని కోట తలుపు తీయు రాయబారిని ఏ రాజైన నియమించునా?

ఇది పరదేశపు ముచ్చట యని తలపకుడు. డేటా ఎంట్రీ యుద్యోగములని నమ్మించి మన యువకులను కంబోడియాకు చేర్చి, నిర్బంధించి, కల్పిత నామములతో స్వదేశీయులనే వంచింపజేసిన ఘోరమును 2024 మే నెలలో విశాఖపట్టణ పోలీసులు బయటపెట్టిరి. ఆ నరకమున దుర్మార్గులకు ఒక యడ్డంకి యుండెను: జాబు వ్రాయుటకు మనుష్యుడు కావలెను. మనుష్యుడు అలసిపోవును, తిరుగబడును, ఇల్లు చేరి సాక్ష్యము చెప్పును. ఆ యువకులలో పెక్కు రట్లే చేసిరి. యంత్రము తిరుగబడదు, సాక్ష్యము చెప్పదు. వంచకుని వచ్చీరాని తెలుగు నిన్నటివరకు మనకు కొంత రక్షయై యుండెను. నేడు యంత్రము తెలుగును వ్రాయుచున్నది.

మన శాసనము లేమి చేయుచున్నవి? అమ్మకమునకుగాని ఓటునకుగాని యంత్రము మనుష్యునివలె నటించి వంచించుటను కాలిఫోర్నియా రాష్ట్రము 2018లోనే నిషేధించినది. ఐరోపా సమాఖ్య 2024 నాటి శాసనమున, యంత్రముతో మాటలాడువానికి ఆ సంగతి తెలియవలయునని విధించినది. మన ట్రాయి సంస్థయు 2018లో నిబంధనలు చేసి, 2025లో వ్యాపారపు ఎస్.ఎమ్.ఎస్.ల శీర్షికకు పి, ఎస్, టి, జి యను గుఱుతులు ఏర్పఱచినది. అది మెచ్చదగిన పని. కాని యా కట్టుబాటు టెలిఫోను పిలుపులకును ఎస్.ఎమ్.ఎస్.లకును పరిమితము, సామాజిక మాధ్యమముల జాబులకు ఏ గుఱుతును లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టమో, మనుష్యుడు తానే బహిరంగపఱచిన వివరములకు వర్తింపదు. యంత్రము మేయునది ఆ పచ్చికయే!

కావున మేము కోరునది మూడు మాటలు. యంత్రము వ్రాసిన ప్రతి జాబునకు తలమీదనే యంత్రము పేరును, యజమాని పేరును ఉండవలెను. సమ్మతి లేనిచో మొదటి జాబు పంపరాదు. యంత్రము చేసిన వాగ్దానమునకు, వంచనకు, యజమాని తన చేవ్రాలునకు వలెనే బాధ్యుడు కావలెను. “యంత్రము చేసినది, నే నెఱుగను” అను మాట న్యాయస్థానమున చెల్లరాదు.

శాసనము వచ్చువఱకు ప్రజలు చేతులు ముడుచుకొని కూర్చుండ పనిలేదు. గ్రంథాలయములలో, పఠనమందిరములలో చదువరులు ఈ సంగతిని చదువురానివారికి బోధింపుడు. ధనము పోయినచో సిగ్గుపడి దాచుకొనక ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయవలెనని చెప్పుడు. ఎంత తీయగ పలుకరించిన జాబైనను, ధనమో, రహస్యమో, ఓటో యడిగిన క్షణమున, మీ రెఱిగిన మార్గమున ఆ మనుష్యునితో స్వయముగ మాటలాడి, “నిన్ను పంపిన దెవరు? ఉంగర మేది?” యని యడుగుడు. ఉంగరము చూపజాలని దూతకు గడప దాటు నధికారము లేదు.