బ్రేకుల్లేని పడవకి స్టార్టింగ్ గీత

డ్రాగన్ బోటుకి బ్రేకులుండవు. పందెంలో సగం గొడవలు ఇక్కడే మొదలవుతాయి.

తెడ్లు వేసేవాళ్లు 20 మంది, ముందు డ్రమ్ము కొట్టేవాళ్లు ఒకరు, వెనక నిలబడి చుక్కాని పట్టేవాళ్లు ఒకరు. పడవతో కలిపి టన్నున్నర పైమాటే. అలాంటివి ఆరు పడవలు, గాలికి కదిలే నీళ్ల మీద ముక్కులన్నీ ఒకే వరసలో పెట్టి ఆగాలి. పరుగుపందెంలో అయితే కాలి ముందు సున్నం గీత కనిపిస్తుంది. ఇక్కడ గీత అంటే పక్కనున్న మనిషి కంటికి ఆనే ఊహ మాత్రమే.

నేను సింగపూర్‌లో ఉద్యోగానికి వచ్చాక ఆఫీసు టీమ్‌లో చేరాను. శనివారాలు తెల్లారకముందే లేచి కలాంగ్ నీళ్లలో ప్రాక్టీసు. మా పడవలో ముగ్గురం తెలుగువాళ్లం. పోయినేడాది ఒక చిన్న పోటీలో మాది చివరి లేను. గాలికి పడవ వంకర తిరిగింది. మా డ్రమ్మర్ చెయ్యెత్తి ఊపుతూనే ఉంది, హారన్ మోగిపోయింది! అర సెకనులో ఫైనల్ పోయింది. అడిగితే "సరదా పోటీయే కదండీ" అన్నారు. సరదాకే అయితే మెడల్స్ ఎందుకు, ఎంట్రీ ఫీజు ఎందుకు? ఈ పోటీ కోసం మాలో ఒకడు ఊరెళ్లే టికెట్టు మార్చుకున్నాడు మరి.

నిజానికి పద్ధతి ఎప్పుడో ఉంది. 1991లో ఏర్పడిన అంతర్జాతీయ డ్రాగన్ బోట్ సమాఖ్య పోటీల్లో స్టార్టర్ వేరు, వరస చూసే అలైనర్ వేరు. అలైనర్ గీత పక్కనే ఉండి పడవల్ని ముందుకో వెనక్కో జరిపిస్తాడు. వరస కుదిరాకే స్టార్టర్ "ఆర్ యూ రెడీ" అంటాడు. సిద్ధంగా లేని పడవ డ్రమ్మర్ చెయ్యి ఊపాలి. తర్వాత "అటెన్షన్", ఆపైన "గో". చిన్న పోటీల్లో ఖర్చు తగ్గించాలనుకుంటే ముందు ఎగిరిపోయేది ఈ అలైనరే. ఒక్క మనిషి రెండు పనులూ చేస్తే దూరపు లేన్లో ఊగే చెయ్యి కనపడుతుందా?

ఇంకోటి, శబ్దం. ఇంజనీర్ని కదా, లెక్కేశాను. హారన్ ఒకటో లేను పక్కన మోగితే, 50 మీటర్ల అవతలున్న ఆరో లేనుకి చేరడానికి 0.15 సెకను పడుతుంది. సెకనుకి 4 మీటర్ల చొప్పున అది 60 సెంటీమీటర్లు. రెండు వైపులా స్పీకర్లు పెడితే చాలావరకు తీరిపోయే సమస్య ఇది. లేన్లకి చీటీలు తీయడం, రెండో రౌండులో మార్చడం, అన్నీ ఒకే రకం పడవలు ఇవ్వడం... ఇవి చాలా చోట్ల బాగానే జరుగుతున్నాయి.

60 సెంటీమీటర్లకి ఇంత రాద్ధాంతమా అంటారా? మన పక్కనే కేరళలో చూడండి. డ్రాగన్ బోటు కాదు, పాముపడవలు. 2024 నెహ్రూ ట్రోఫీ ఫైనల్లో కారిచాల్ పడవది 4 నిమిషాల 29.785 సెకన్లు, వీయపురం పడవది 4 నిమిషాల 29.790. తేడా నీళ్ల మీద రెండు వేళ్ల వెడల్పు కూడా ఉండదేమో. ఫిర్యాదు రాకుండా ఉంటుందా, వచ్చింది.

ఈసారి ఫీజు కట్టేముందు మా టీమ్ నిర్వాహకులకి ఒకటే మెయిల్ పెట్టింది: గీత పక్కన ఎవరుంటారు? జవాబు ఇంకా రాలేదు.