ఆపరేషన్ నోట్స్ పేషెంటు చేతికే ఇవ్వాలి

బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవాళ్లకు డిశ్చార్జి రోజే ఆపరేషన్ నోట్స్ కాపీ ఇచ్చి పంపాలి. అడిగితే కాదు, అడక్కుండానే. ఎండోస్కోపీ విభాగంలో నర్సుగా ఆ కాగితం విలువ రోజూ చూస్తున్నాను.

మొన్నామధ్య ఒకావిడ కామెర్లతో, చలిజ్వరంతో వచ్చింది. పిత్తనాళంలో రాయి. "అన్నీ ఉన్నాయి సిస్టర్" అంటూ భర్త ప్లాస్టిక్ కవరు విప్పాడు. స్కానింగులు, బిల్లులు, డైట్ చార్టు కూడా ఉన్నాయి. డిశ్చార్జి కాగితంలో మాత్రం "బేరియాట్రిక్ సర్జరీ" అని రెండు ముక్కలే. స్లీవా, బైపాసా? "బరువు తగ్గే ఆపరేషనండీ" అన్నాడాయన. పాపం, ఆయనకు చెప్పింది అంతే.

మాకు ఆ తేడాయే ముఖ్యం. స్లీవ్‌లో కడుపును సన్నటి గొట్టంలా కోస్తారు, దారి మారదు. నోట్లోంచి ఈఆర్‌సీపీ స్కోపు దించి, చిన్నపేగు మొదట్లో పిత్తనాళం తెరుచుకునే చోటికి వెళ్లి రాయి తీసేయొచ్చు. రూ-ఎన్-వై బైపాస్‌లో అలా కుదరదు. పైన చిన్న సంచి మిగిల్చి, దాన్ని కింది పేగుకు కలుపుతారు. పాత కడుపు లోపలే ఉంటుంది కానీ దానికి దారి తెగిపోతుంది. పేగుల వెంట చుట్టూ తిరిగి వెళ్లాలంటే చాలామందిలో రెండు మీటర్ల దాకా ఉంటుంది. మా స్కోపు పొడవేమో మీటరుంపావు. పైగా త్వరగా బరువు తగ్గినవాళ్లలోనే రాళ్లు ఎక్కువగా ఏర్పడతాయి. ఎవరికి ఆ దారి అవసరం పడొచ్చో వాళ్లకే అది మూసుకుపోతోందన్నమాట.

ఇప్పుడు వేరే దారులున్నాయి. 2001లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో మార్క్ జొవానిని బృందం ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో పిత్తనాళంలోకి దారి చేసి స్టెంట్ వేసిన సంగతి ప్రచురించింది. అలాంటి అల్ట్రాసౌండ్ స్కోపుతోనే, బైపాస్ అయినవాళ్లలో ఆ చిన్న సంచి నుంచి పాత కడుపును వెతికి, సూదితో సెలైన్ నింపి, రెండిటినీ కలుపుతూ 15 లేదా 20 మిల్లీమీటర్ల లోహపు స్టెంట్ వేస్తారు. అందులోంచి మామూలు ఈఆర్‌సీపీ చేయొచ్చు. పని అయ్యాక స్టెంట్ తీసి, ఆ రంధ్రం పూడిందో లేదో చూడాలి. పూడకపోతే బరువు మళ్లీ పెరగొచ్చు.

కాలేయంలోని నాళాలు ఉబ్బి ఉంటే కడుపు గోడ నుంచి సూదితో నేరుగా ఎడమవైపు నాళంలోకి వెళ్లే పద్ధతీ ఉంది. అందులో వైరు పట్టుకునేది నేనే. సిరంజిలోకి పిత్తం రాగానే డై ఎక్కిస్తాం. ఎక్స్‌రే తెర మీద నాళాలు చెట్టుకొమ్మల్లా విచ్చుకుంటాయి. అప్పుడు సూదిలోంచి వైరు తోస్తాను. ముందుకు తోయడం తేలికే, వెనక్కి లాగడమే భయం. గట్టిగా లాగితే సూది మొనకు తగిలి వైరు పైపొర చీరుకుపోతుంది. పిత్తం నాళం బయటికి కారే ప్రమాదమూ ఉంది. ఇంత పనికి దిగేముందు లోపల ఏది ఎక్కడ కలిపారో తెలియాలి కదా!

ఆవిడకు ఆ రాత్రి యాంటీబయాటిక్స్ మీదే గడిచింది. సర్జరీ చేసిన చోటి నుంచి నోట్స్ ఫొటో మర్నాడు గానీ రాలేదు. చీము పట్టిన పిత్తం నాళంలో నిలిచిపోయిన మనిషికి ఒక రాత్రంటే తక్కువ కాదు.

2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం, ఇన్‌పేషెంట్ రికార్డులను 3 ఏళ్లు భద్రపరచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. రాయి నాలుగో ఏట వస్తే? అందుకే ఆ కాగితం పేషెంటు దగ్గరే ఉండాలంటున్నాను. ఏ ఆపరేషన్, ఏ పేగు ఎంత పొడవు వదిలారు, ఎక్కడ కలిపారు, గాల్‌బ్లాడర్ తీశారా లేదా అన్నవి రాయాలి. సర్జన్ చేత్తో గీసిన చిన్న బొమ్మ కూడా ఉంటే మాకు ఇంకా మేలు.

ఇప్పటికే చేయించుకున్నవాళ్లు ఈ వారంలోనే ఆస్పత్రి రికార్డుల విభాగానికి వెళ్లి అడగండి. ఇచ్చాక ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపండి.