వెలిగి ఆరిపోయే ఎర్రదీపం



సాలూరు లారీల ఊరని మీలో అనేకులకు తెలుసు. వేగావతి ఒడ్డున ఉన్న ఈ పట్టణం దాటగానే ఘాటురోడ్డు మొదలై, సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్ వైపు సాగిపోతుంది. ఇక్కడ వీధికొక డ్రైవరో, క్లీనరో, మెకానిక్కో ఉంటాడు. ఈ మధ్య లారీలతోపాటు మన ఇళ్ల ముందు కార్లు కూడా నిలుస్తున్నవి. గనుక ఈ నెల స్టీరింగు వెనుక వెలిగే చిన్న దీపాలను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

కిందటి వర్షాకాలంలో మా కుటుంబమంతా కారులో కొరాపుట్ వైపు ఒక పెండ్లికి వెళ్లితిమి. తిరుగు ప్రయాణంలో ఘాటు దిగుచుండగా మలుపు తిరిగినప్పుడు ఎర్రని దీపం ఒకటి వెలిగి, రెండు క్షణాల్లో ఆరిపోయినది. మరల ఇంకొక మలుపులో వెలిగినది, ఆరినది. వెనుక కూర్చున్న పిల్లవాడు, “నాన్నా, ఆ లైటు ఏంటి?” అని అడిగెను. “ఏమీ లేదులే, వైరు కదిలినట్టుంది” అంటిమి. సమతలం మీదికి వచ్చిన తరువాత దీపం కనబడలేదు గనుక రెండు వారాలు ఆ సంగతే మరచిపోతిమి.

తరువాత వేరొక పనిమీద మెకానిక్కు నొద్దకు వెళ్లి మాటల్లో ఈ సంగతి చెప్పితిమి. ఆయన చేతిలోని పని ఆపి మా ముఖం చూచెను. “ఏటి బాబూ, లైటు ఆరిపోతే రోగం తగ్గిపోయినట్టేనా?” అన్నాడు. చక్రాలు విప్పి చూడగా ముందు బ్రేకు ప్యాడ్లు అరిగి రేకు దాకా వచ్చియున్నవి. మేము నోటమాట లేక నిలిచిపోతిమి. ఆ బండిలోనే కదా పిల్లలను కూర్చుండబెట్టుకొని ఘాటు దిగితిమి!

ఆయన చెప్పిన కారణం ఇది. ప్యాడ్లు అరిగే కొలది బ్రేకు పిస్టన్లు ముందుకు జరుగును. ఆ ఖాళీని నింపుటకు డబ్బాలోని బ్రేకు ఆయిలు దిగును, డబ్బాలో మట్టం తగ్గును. ఆ మట్టాన్ని కనిపెట్టుటకు లోపల చిన్న బెండు వంటిది తేలుచుండును. ఆయిలు సరిహద్దు దగ్గర ఉన్నప్పుడు వాలులోను మలుపులోను ఒక పక్కకు ఒరుగును గనుక బెండు దిగి దీపం వెలుగును. బండి సమంగా నిలువగానే ఆరును. అనగా ఆ దీపం తప్పు చెప్పలేదు, ముందుగా చెప్పినది. ఆయిలు కారిపోయినను మట్టం తగ్గును. కాబట్టి ఊరకే ఆయిలు పోసి దీపం ఆర్పుకొనుట సరికాదు. ఎందుకు తగ్గెనో చూడవలెను. అయితే అనేక కార్లలో హ్యాండుబ్రేకు పూర్తిగా దించకపోయినను ఇదే దీపం వెలుగును గనుక మొదట దానిని చూచుకొనండి.

ఇంజను ఆయిలు దీపం కూడ ఇట్టిదే. ఆయిలు తగ్గినప్పుడు మలుపులలోనో, బండి నిలిపి ఇంజను నెమ్మదిగా తిరుగుచున్నప్పుడో మిణుకుమనును. అది ఎర్రదీపమే. వెంటనే పక్కకు తీసి ఇంజను ఆపవలెను. ఊరు ఇంకా రెండు మైళ్లే గదా అని నడిపితే ఇంజనే పోవచ్చును.

పసుపుదీపాల సంగతి వేరు. అవి వెంటనే ఆగుమనవు గాని త్వరలో చూపించుమనును. ఏబీఎస్ దీపం వచ్చిపోవుటకు చక్రం దగ్గరి సెన్సారు మీది బురదో, తెగవచ్చిన వైరో కారణం కావచ్చును. మామూలు బ్రేకు పని చేయును గాని, తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకొని బండి జారవచ్చును. ఇంజను బొమ్మ గల దీపం నిలకడగా వెలిగితే కొద్దిరోజుల్లో చూపించండి. పెట్రోలు బండిలో అది మిటమిట కొట్టితే ఇంజను సరిగా మండుట లేదని అర్థము. వేగం తగ్గించి, త్వరగా మెకానిక్కు నొద్దకు చేర్చవలెను.

వచ్చిపోయే దీపాలకు వానాకాలమే అనుకూల సమయం. కనెక్టర్లలోకి తేమ చేరును, బ్యాటరీ బిగింపులు వదులగును. పల్లెల్లో కళ్లం పక్కన నిలిపిన బండిలో ఎలుకలు దూరి వైర్లు కొరుకుట మనకు క్రొత్త కాదు. అయితే దీపం ఆరిపోయినను బండిలోని కంప్యూటరు మరువదు. సాధారణంగా ఇంజను లోపం వరుసగా మూడు ప్రయాణాలలో మరల కనబడనియెడల దీపం ఆరును గాని, ఆ లోపం సంఖ్య మాత్రం చాలాకాలం లోపల నిలిచియుండును. స్టీరింగు క్రింద పదహారు పిన్నుల సాకెట్టుకు స్కానరు తగిలించి దానిని చదువుదురు. గనుక చూపించక మునుపు బ్యాటరీ వైరు పీకకండి. సాక్ష్యం చెరిగిపోవచ్చును.

లారీ నడిపే సహోదరులకు ఒక మాట. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట క్రొత్త బండ్లకు బీఎస్-6 ప్రమాణం వచ్చినది. అట్టి డీజిలు లారీలలో అనేకం పొగలోని విషవాయువును తగ్గించుటకు 32.5 శాతం యూరియా గల ద్రవం వాడును. ఆ దీపాన్ని లెక్కచేయకపోతే కొంతదూరం తరువాత ఇంజను బలాన్ని కంప్యూటరే తగ్గించును. నిండు లోడుతో ఘాటు ఎక్కునప్పుడు అట్లు జరిగితే ఎంత ప్రమాదమో మీకే తెలుసు. కొందరు వైరు కత్తిరించి దీపం ఆర్పుదురు. కుక్క మొరుగుచున్నదని కుక్కను కొట్టిన యింట దొంగ పోవునా?

ఈ మూడు సంగతులు ఇంటిల్లిపాది నేర్చుకొనవచ్చును. తాళం త్రిప్పగానే దీపాలన్ని వెలిగి, ఇంజను తిరిగిన తరువాత ఆరుట మంచిదే. అసలు వెలగని దీపమే అనుమానము. రెండవది, దీపం వెలిగినప్పుడు ఎక్కడ, ఎంత వేగంలో, ఎక్కునప్పుడా దిగునప్పుడా అని ఒక కాగితంపై వ్రాసికొనండి, వీలైతే ఫోనుతో ఫోటో తీయండి. మెకానిక్కుకు అది సగం పని తగ్గించును. మూడవది, ఘాటు దిగునప్పుడు గేరు తగ్గించి ఇంజను చేతనే వేగం ఆపుకొనండి, బ్రేకులు కాగిపోనియ్యకండి.

మా పిల్లవాడు ఇప్పుడు బండి ఎక్కగానే మొదట ఆ దీపాలవైపే చూచును. ఏదైనా వెలిగితే చెప్పును. “ఏమీ లేదులే” అను మాట మాత్రం మా ఇంట మానుకొంటిమి.

మీ ప్రయాణములన్ని క్షేమముగా జరుగునుగాక.