ఫోటోలు మనవే, అనుమతి మాత్రం లేదట!

మా పాత కంప్యూటర్ పోయిన నెలలో పూర్తిగా మూలపడింది. "పదేళ్ల పైనే పనిచేసింది, ఇంకెంత చేస్తుంది" అని మా వారు తేలిగ్గా అనేశారు. నాకు మాత్రం గుండెలో రాయి పడింది. అందులో మా అమ్మ ఉంది మరి.

2016లో వినాయక చవితికి అమ్మ బాలాపూర్ వచ్చి మా దగ్గర ఉంది. నిమజ్జనం రోజు పొద్దున్నే బొడ్రాయి దగ్గర లడ్డూ వేలం చూడాలని చిన్నపిల్లలా పట్టుబట్టింది. 1994లో 450 రూపాయలతో మొదలైన పాట లక్షలు దాటడం చూసి, "ఆ డబ్బుతో ఊరంతటికీ లడ్లు చుట్టొచ్చు కదే!" అని అక్కడే లెక్కలు కట్టింది. ఆ మాట అన్న వీడియో ఆ కంప్యూటర్లోనే ఉంది. మరుసటి ఏడు అమ్మ లేదు.

రిపేరు అబ్బాయి లోపలి డిస్క్ తీసి, కేబుల్ పెట్టి ఇచ్చాడు. కొత్త లాప్‌టాప్‌కి తగిలిస్తే ఫోల్డర్ కనిపిస్తోంది కానీ తెరుచుకోదు. తెరవడానికి మీకు అనుమతి లేదంటుంది! కంటిన్యూ నొక్కినా అదే పాట. మా వారు ప్రయత్నించినా అంతే. రిపేరు అబ్బాయికి ఫోన్ చేస్తే, "ఫార్మాట్ కొట్టాలి అక్కా" అన్నాడు. ఫార్మాట్ అంటే ఉన్నదంతా తుడిచేయడమే. వింటే అమ్మ మాట శాశ్వతంగా పోయేది.

హాస్టల్లో ఉన్న మా అమ్మాయి ఫోన్లో అసలు సంగతి చెప్పింది. విండోస్ మనుషుల్ని పేరుతో గుర్తుపట్టదట, ప్రతి ఖాతాకీ లోపల ఒక పొడవాటి నంబరు ఉంటుందట. కొత్త మెషీన్లో అదే పేరు పెట్టుకున్నా నంబరు వేరు, అంటే మనిషి వేరు. ఆ ఫోల్డర్‌కి యజమాని ఇప్పుడు లేని కంప్యూటర్లోని మా వారు!

దారి ఇదీ. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో సెక్యూరిటీ, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్. ఓనర్ పక్కన చేంజ్ నొక్కి మన ఖాతా పేరు ఇవ్వాలి. లోపలి ఫైళ్లకూ వర్తించేలా దాని కిందున్న గడిలో టిక్ పెట్టాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. యజమాని అయినంత మాత్రాన ఫైలు తెరుచుకోదు, ఎవరు తెరవొచ్చో నిర్ణయించే అధికారం మాత్రమే వస్తుంది. మళ్లీ సెక్యూరిటీలోకి వెళ్లి మన పేరుకి ఫుల్ కంట్రోల్ ఇచ్చుకోవాలి. ఇదంతా చేయడానికి మన ఖాతా అడ్మినిస్ట్రేటర్ అయి ఉండాలి. విండోస్ సొంత ఫోల్డర్ల జోలికి మాత్రం పోకండి, మెషీన్ మొరాయిస్తుంది.

పేరు రావడం వేరు, చేతికి రావడం వేరు. ఇది మన ఆడవాళ్లకి కొత్త పాఠమా? ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతో, దేశమంతటా 2005 సవరణతో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన హక్కు వచ్చింది. కాగితం మీద వాటా ఉండి కూడా పొలం గట్టు తొక్కని అక్కచెల్లెళ్లు మన చుట్టాల్లో ఎంతమంది లేరు?

కంప్యూటర్ విషయంలోనూ మనం అంతే. ఆయన ఖాతాలో, ఆయన పాస్‌వర్డ్‌తో, ఆయన తెరిచి ఇస్తే చూస్తాం. పెళ్లి ఫోటోలు, ఇంటి పత్రాల కాపీలు, బీమా కాగితాలు అన్నీ అక్కడే. కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్‌కి మనకి తెలియకుండానే తాళం పడి ఉంటుంది. దాన్ని బిట్‌లాకర్ అంటారు. దాని 48 అంకెల రికవరీ కీ లేకపోతే నేను చెప్పిన యజమాని మార్పు ఏమీ పనిచేయదు. ఆ కీ మామూలుగా ఆయన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. రేపు అవసరమైన రోజున ఎవరిని అడుగుతాం?

అందుకే నేననేది ఒక్కటే. ఇంటి కంప్యూటర్లో ఇల్లాలికి సొంత ఖాతా ఉండాలి, అదీ అడ్మినిస్ట్రేటర్ ఖాతా. ఆ 48 అంకెలు బీరువాలో కాగితం మీద ఉండాలి. గూగుల్లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ ఉంది, మన తర్వాత ఖాతాలోవి ఎవరికి చేరాలో ముందే చెప్పుకోవచ్చు. ఇద్దరూ కూర్చుని అదీ పూర్తిచేయండి. ఇది అపనమ్మకం కాదు, ఇంటి తాళంచెవికి రెండోది చేయించుకోవడం లాంటిదే.

ఇంకో మాట. ఆ డిస్క్‌లో మా అమ్మాయి ఇంటర్ నాటి ఫోల్డర్ కూడా ఉంది. మొత్తం డిస్క్‌కి టిక్ పెడితే అదీ నాదైపోయేది. చెయ్యి అక్కడిదాకా వెళ్లింది, అబద్ధమెందుకు! తర్వాత ఆగి, ఫోటోల ఫోల్డర్ ఒక్కటే మార్చుకున్నాను. దానిది దానికి వదిలేశాను, అది వచ్చి తీసుకుంటుంది. హక్కు అడిగేవాళ్లం ఇంకొకరి గడప దగ్గర ఆగడమూ తెలిసి ఉండాలి కదా.

వీడియో తెరుచుకుంది. అమ్మ లడ్ల లెక్క మళ్లీ విన్నాను. ఈసారి రెండు చోట్ల కాపీ పెట్టుకున్నాను, నా పేరుతో.