ఒకరికి ఉరికొయ్య, ఒకరికి జమీందారీ

తమిళంలో నమ్మకద్రోహిని తిట్టాలంటే ఒక్క పేరు చాలు: ఎట్టప్పన్. కోవిల్‌పట్టికి తూర్పున ఉన్న ఎట్టయపురం పాళెగాళ్ళ వంశనామమది. వాళ్ళ పొరుగు పాళెగాడు, పాంచాలంకురిచ్చి వీరపాండ్య కట్టబొమ్మన్ పేరు మాత్రం పౌరుషానికి మారుపేరైంది. ఇద్దరిదీ ఇంట తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకర్ కులమే. వీరుడు, ద్రోహి అన్న రెండు మాటలతో ఈ కథ ముగిస్తే అసలు పాఠం చేజారుతుంది.

1959 నాటి శివాజీ గణేశన్ సినిమా చూసినవాళ్ళకు కట్టబొమ్మన్ ఈస్టిండియా కుంఫిణీకి దమ్మిడీ కప్పం కట్టనన్న మొండివాడు. కానీ 1798లో రామనాథపురంలో కుంఫిణీ కలెక్టర్ జాక్సన్ లెక్క చూస్తే తేలిన బాకీ 1080 వరహాలే. అసలు తగవు మర్యాద దగ్గర వచ్చింది. పాళెగాణ్ణి రోజుల తరబడి తన వెంట తిప్పుకొని, చివరికి గంటల కొద్దీ నిలబెట్టి విచారించాడు జాక్సన్. అక్కడ జరిగిన పెనుగులాటలో లెఫ్టినెంట్ క్లార్క్ చనిపోయాడు. తర్వాత విచారణ జరిపిన మద్రాసు ప్రభుత్వమే జాక్సన్‌ను పదవి నుంచి తప్పించింది. అయినా మరుసటి ఏడు సెప్టెంబరులో మేజర్ బానర్‌మన్ సేన పాంచాలంకురిచ్చి కోట మీదికి వచ్చింది. 1799 అక్టోబరు 16న కయత్తారులో కట్టబొమ్మన్‌ను ఉరితీశారు.

కట్టబొమ్మన్‌లో లోపం లేదనలేం. ఎట్టయపురంతో సరిహద్దు తగాదాలు ఆయన తీర్చుకోలేకపోయాడు. శివగిరి పాళెగాడూ ఆయనతో కలిసిరాలేదు. ఇంటి పక్కవాణ్ణి కలుపుకోలేని పోరాటానికి బలం తక్కువ. ఎట్టప్ప ఆలోచన వేరు: పాళెం మిగలాలి. అందుకే కుంఫిణీకి సాయపడ్డాడు, పాంచాలంకురిచ్చి భూముల్లో వాటా పొందాడు. ఇది తప్పే. కానీ కట్టబొమ్మన్‌ను పట్టి అప్పగించింది పుదుక్కోట తొండైమాన్. జనం నోట శాపమంతా ఒక్క ఎట్టప్పకే మిగిలింది.

ఆ శాపంలో ఎట్టయపురం మిగతా చరిత్ర మరుగున పడింది. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసింది ఆ ఊళ్ళోనే. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో తెలుగులో అచ్చయింది అక్కడే. 1882లో అక్కడ పుట్టిన సుబ్రహ్మణ్యానికి ‘భారతి’ బిరుదు దక్కింది ఆ ఆస్థానంలోనే. కుంఫిణీ పక్షాన నిలిచిన పాళెంలోంచే స్వాతంత్ర్య కవి పుట్టుకొచ్చాడు.

అంతమాత్రాన 1799 నాటి నిర్ణయం ఒప్పయిపోదు. తర్వాతి తరాలు పోషించిన సంగీతం పెద్దల తప్పును మాఫీ చేయదు, పెద్దల తప్పు ఆ సంగీతానికి అంటుకోదూ. ఏ పాలకుణ్ణయినా తూచాల్సింది కష్టకాలంలో ఎవరి పక్కన నిలిచాడన్న దానితోనే. ఆ తూకంలో కట్టబొమ్మన్‌దే పైచేయి. అందుకు సాక్ష్యం సినిమాలో వెతకనక్కర్లేదు. 1801 ఫిబ్రవరిలో ఆయన తమ్ముడు ఊమైదురై పాళయంకోట చెర నుంచి తప్పించుకొచ్చినప్పుడు, కుంఫిణీ నేలమట్టం చేసిన మట్టికోటను జనం రోజుల వ్యవధిలో మళ్ళీ లేపారు. ఊమై అంటే తమిళంలో మూగ. మాట సరిగా రానివాడు పిలిచినా అంతమంది కదిలారంటే, ఆ నమ్మకం అన్న సంపాదించి పెట్టిన ఆస్తి. ఎట్టప్పలకు మిగిలిన జమీందారీ లాంటివన్నీ చట్టంతో రద్దయ్యాయి. ఈ ఆస్తిని రద్దు చేసే చట్టం ఏదీ లేదు.